బొటనవేలి మచ్చ

పలక అంచుకు చిత్రిక పట్టి, వేలితో ఒకసారి తడిమి చూసి, ఇంకా గరుకుగానే ఉందనిపించి మళ్ళీ చిత్రిక అందుకున్నాడు పెట్టెలాయన. పొడుగాటి మనిషి, బక్కపలచన. చెవి మీద పెన్సిలు, ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడు, కనుబొమల్లో రంపంపొట్టు. ఆ కళ్ళజోడుకి ఒక పక్క కాడ విరిగితే రాగి తీగ చుట్టుకున్నాడు. కొత్తది కొనుక్కోమని భార్య పోరుతూనే ఉంది, ఇతను వింటూనే ఉన్నాడు, తీగ మాత్రం అలాగే ఉంది.

అతని పని బొమ్మలకి పెట్టెలు చేయడం. పై అంతస్తుల్లో గ్యాలరీ. అక్కడ తెల్లటి గోడలు, మెత్తటి దీపాలు, గుసగుసగా మాట్లాడే మనుషులు. కింద నేలమాళిగలో ఇతను. గోడకి బాగా పైన ఒకే ఒక్క కిటికీ ఉంది. అందులోంచి చూస్తే వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. పైన అమ్ముడుపోయిన ప్రతి బొమ్మా ఇతని చేతుల మీదుగానే బయటికి వెళ్ళాలి. కొలత తీసుకుని, పలకలు కోసి, లోపల స్పాంజి అతికించి, బొమ్మను నిలువుగా దించి, మూతకి మరలు బిగించి పంపాలి. మేకులు వాడడు. మేకు కొడితే పెట్టె అదురుతుంది, అదిరితే పాత రంగు పెచ్చులుగా రాలిపోతుంది.

బొమ్మలంటే బొమ్మలే కానక్కర్లేదు. ఒకసారి ఇటుకల కుప్ప వచ్చింది. ఏ ఇటుక పక్కన ఏ ఇటుక ఉండాలో నంబర్లు వేసి మరీ ఇచ్చారు. వాటికీ పసిపిల్లలకు పక్క వేసినట్టు స్పాంజి వేసి పంపాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే భార్య కడుపు పట్టుకుని నవ్వింది. "మన వెనక గోడ కూలిందిగా, అది కూడా పట్టుకెళ్ళవయ్యా. ఎవడో ఒకడు కొనకపోడు" అంది.

ఆ నవ్వు విని చాలా రోజులైంది. గుండెకి నీరు పట్టిందన్నారు డాక్టర్లు. రెండు గదుల ఇంట్లో మంచం దగ్గర్నుంచి పొయ్యి దాకా నడిస్తే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోతోంది. ఈ మధ్య కాళ్ళ వాపు తగ్గింది. ఆదివారం గ్యాలరీకి సెలవు కాబట్టి ఆ రోజు మెల్లగా కారులో తీసుకొచ్చి ఒక బొమ్మ చూపిద్దామని పెట్టెలాయన అనుకున్నాడు. గ్యాలరీ నడిపే మేడమ్‌ని అడిగి ఒప్పించుకున్నాడు కూడా. మొగుడూ పెళ్ళాల మధ్య ఏళ్ళ తరబడి తెగని తగువొకటి ఆ బొమ్మతో తెగుతుంది. అతనికి ఇప్పుడు ఈ లోకంలో ఉన్న కోరిక అదొక్కటే.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మేడమ్ ఎప్పుడూ కిందికి రాదు, కబురు పంపుతుంది. ఇవాళ తనే వచ్చింది, చేతిలో ఫోను, మొహం నిండా కంగారు.

"పాత నాయకుల బొమ్మలు ఎన్నిటికి పెట్టెలు తయారయ్యాయి?"

"సగానికి అయ్యాయండి. పై వారం కదా అని..."

"పై వారం లేదు, ఏమీ లేదు. ఇవాళే వెళ్ళిపోవాలి. పొద్దున వార్తలు వినలేదా? రేపట్నించి పాత బొమ్మ ఏది దేశం దాటాలన్నా కొత్త పన్నట. కొత్త ప్రభుత్వం వాళ్ళు గెలిచి నెల కాలేదు, అప్పుడే మొదలెట్టారు. కొన్నాయన ఒకటే ఫోన్లు. ఇవాళ కస్టమ్స్ సీలు పడకపోతే బేరం లేదంటున్నాడు. సాయంత్రం లారీ వస్తుంది, సీలు వేసే ఆఫీసరు కూడా దానితోనే వస్తాడు."

పెట్టెలాయన చిత్రిక బల్ల మీద పెట్టాడు. "ఆదివారం మా ఆవిడని..." అని, మిగతా మాట మింగేశాడు.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఒక్క క్షణం ఆగింది. "అయ్యో, అవును కదూ. పోనీ, ఇవాళే తీసుకురండి. లారీ ఎక్కేలోపు ఎప్పుడొచ్చినా సరే."

"ఏ ఊరు వెళ్తాయండీ అవి?"

"ఊరు కాదు. వేరే దేశంలో విమానాశ్రయం పక్కన పెద్ద గిడ్డంగి ఉంది. అందులో పెడతారు."

"గోడకి తగిలించరా?"

"తగిలిస్తే ఏం లాభం? పెట్టెలో ఉంటేనే ధర పెరుగుతుంది" అంటూ ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పెట్టె విప్పనే విప్పరన్నమాట. తన చేతి పనికి అంత ఆయుష్షు ఉంటుందని పెట్టెలాయన ఎప్పుడూ అనుకోలేదు. దానికి సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

ఆ బొమ్మలు అతనికి కొత్త కాదు. వాటిలో చేతులన్నీ అతను వేసినవే. ఆ సంగతి ఈ గ్యాలరీలో ఒక్క పురుగుకి కూడా తెలియదు.

పూర్వం ప్రభుత్వం వారి బొమ్మల కార్ఖానా ఒకటుండేది. ఆఫీసుకి వెళ్ళినా, బడికి వెళ్ళినా, రైలు ఎక్కబోయినా గోడ మీద నాయకుడు కనిపించి తీరాల్సిన రోజులవి. ఒక్కొక్కరూ ఒక్కో బొమ్మ మొదలుపెట్టి ముగిస్తే ఎప్పటికి తెమిలేను? అందుకని పని పంచారు. మొహం ఒకరు వేస్తే కోటు ఇంకొకరు, వెనకాల మబ్బులు మరొకరు. ఇతనికి చేతులు వచ్చాయి. ఏది వేసేవాడికి అదే పేరైపోయింది. "కోటుకి ఇవాళ ఒంట్లో బాగోలేదట" అనుకునేవారు. "ఆకాశం ఇంకా రాలేదేమిట్రా?" అని మేనేజరు కేకలేసేవాడు. "ఒరేయ్ చేతులూ" అంటే ఇతను పలికేవాడు. కార్ఖానాలో ఉన్నన్నాళ్ళూ ఒక్కడైనా ఒక పూర్తి మనిషిని వెయ్యలేదు.

నాయకుడు మారితే కాన్వాసు పారెయ్యడం ఉండేది కాదు. అంత బట్ట ఎక్కడ్నుంచి తెస్తారు? పాత మొహం గీకేసి ఆ చోట కొత్త మొహం వేసేవారు. కోటు అదే, చేతులు అవే. మొదటాయన గుమ్మడికాయలా ఉండేవాడు. రెండో ఆయన చీపురుపుల్ల. పైగా ఆయనకి ఏదో యుద్ధంలో చిటికెన వేలు సగం పోయింది. బొమ్మల్లో మాత్రం వేళ్ళన్నీ నిండుగా ఉండిపోయాయి. పట్టుకుంటే ఉద్యోగం పోతుందని ఇతను వణికిపోయాడు. తీరా ఆయన ఒకరోజు ఆ బొమ్మ చూసి మురిసిపోయాడని, వేలు మొలిపించిన వాడెవడని అడిగాడని కబురొచ్చింది. మూడో ఆయన వచ్చేసరికి భయం కూడా పోయింది. రాజులు మారినా చేతులు మారవని కార్ఖానాలో అనుకుని నవ్వుకునేవారు.

ఆ చేతులు అతని భార్యవి.

నాయకుడు వచ్చి కూర్చోడు కదా. ఎవరి చేతులైనా చూసి వెయ్యాలి. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. వేడి నీళ్ళలో, ఇస్త్రీ యంత్రాల దగ్గర పని చేసి చేసి వెడల్పాటి అరచేతులు, లావుపాటి కణుపులు వచ్చాయి. సెలవు రోజు కిటికీ పక్కన కుర్చీ వేసి, పిండి ఒత్తే కర్ర ఆవిడ చేతిలో పెట్టేవాడు. బొమ్మలో అది చుట్టిన కాగితం అవుతుంది, దేశానికి ఇవ్వబోయే శాసనం. "దేశాన్ని ఒత్తుతున్నానా ఏమిటయ్యా?" అనేది ఆవిడ. "కదలకే" అనేవాడు ఇతను.

ఎడమ బొటనవేలి మొదట్లో ఆవిడకి చిక్కుడు గింజంత మచ్చ ఉంది, ఇస్త్రీ యంత్రం తగిలి కాలినది. నాయకుడికి మచ్చలుండకూడదు కాబట్టి ఆ చోటు నున్నగా వెయ్యడం ఇతనికి అలవాటైంది. ఒకే ఒక్కసారి, పెళ్ళైన తొలి రోజుల్లో, ధ్యాస ఎక్కడో ఉండి ఉన్నది ఉన్నట్టు వేసేశాడు. రంగు ఆరి, బొమ్మ వెళ్ళిపోయాక గాని గుర్తు రాలేదు. అది ఏకంగా ఒక మంత్రి గదిలో గోడకెక్కింది. వారం రోజులు అన్నం సహించలేదు. ఎవరూ పట్టుకోలేదు. అప్పుడు ధైర్యం తెచ్చుకుని భార్యకి చెప్పాడు: "ఒక బొమ్మలో నీ మచ్చ కూడా ఉందే."

ఆవిడ నమ్మలేదు. "చాల్లే, నన్ను మంచి చేసుకోడానికి కథలు" అంది. ఆ మాట వాళ్ళింట్లో ఊతపదమైపోయింది. ఇతను ఏం చెప్పినా, జీతం పెరుగుతుందన్నా, వాన వస్తుందన్నా, "ఆహా, నా మచ్చ లాగానా?" అనేది. ఒకసారి పర్మిట్ల ఆఫీసు వరసలో పొద్దంతా నిలబడి, గుమాస్తా చేత చీవాట్లు తిని ఇంటికొచ్చింది. "నా చేతుల కిందే నిలబెట్టి నన్నే కసురుతాడేమిటయ్యా వాడు! తలెత్తి చూస్తే ఏముంది, నున్నగా ఉంది. నీ మచ్చ నీ నోట్లోనే ఉంది" అని దులిపేసింది.

తరవాత ప్రభుత్వం కూలింది. జనం బొమ్మల్ని వీధుల్లోకి లాగి తగలబెట్టారు. కార్ఖానాకి తాళం పడింది. మొహాలు వేసే మేస్త్రిని బజార్లో పట్టుకుని, బాకా ఊదినవాడివి నువ్వే కదా అని కొట్టారు. ఆయన మళ్ళీ కుంచె పట్టలేదు, మంచం పట్టాడు. అది చూసి ఇతను తన కుంచెలు పొయ్యిలో పెట్టాడు. ఎక్కడ పని అడిగినా వడ్రంగిననే చెప్పుకున్నాడు. ఇక్కడ చేరేటప్పుడూ అదే చెప్పాడు.

తగలబడకుండా మిగిలిన బొమ్మలు కొన్ని గోదాముల్లో ఎలుకల పాలయ్యాయి. కొన్ని కోళ్ళ గూళ్ళకి కప్పులయ్యాయి. వాటిని మేడమ్ చిత్తుకాగితాల లెక్కన కొని దాచింది. అందరూ నవ్వారు. కొన్నేళ్ళకి విదేశాల వాళ్ళు వచ్చి అడగడం మొదలుపెట్టారు. వాళ్ళు కొంటున్నారని తెలిసి ఇక్కడ కొత్తగా డబ్బు చేసినవాళ్ళు కూడా ఎగబడ్డారు. బజార్లో మేస్త్రిని కొట్టినవాళ్ళలో ఒకడు ఇప్పుడు పెద్ద కాంట్రాక్టరు. వాడి భోజనాల గదిలో నిలువెత్తు రెండో ఆయన ఉన్నాడు. ఆ పెట్టె కట్టింది కూడా ఇతనే. పై గదుల్లో కుర్ర చిత్రకారులు నాయకుడి చేతిలో ఐస్‌క్రీమ్ పెట్టి, నెత్తిన కాకిని పెట్టి వేస్తున్నారు, అవీ బాగానే పోతున్నాయి. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి. మధ్యలో పెట్టెలు కట్టేవాడికి మాత్రం పని తప్పదు.

మొన్న చలికాలంలో ఆ మంత్రి వారసులు ఇల్లు ఖాళీ చేస్తూ ఒక బొమ్మ అమ్మారు. దుప్పటి తీసి చూసేసరికి ఎడమ బొటనవేలి మొదట్లో చిక్కుడు గింజంత మచ్చ. ఆ సాయంత్రం ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాడు.

"దొరికిందే నీ మచ్చ!"

"చూస్తే గాని నమ్మను" అంది ఆవిడ. ఆ నెలలోనే మంచం పట్టింది.

పెట్టెలాయన చేతులు దులుపుకుని, మెట్ల మీదికి వచ్చి, సిగ్నల్ దొరికే చోట నిలబడి మరదలికి ఫోన్ చేశాడు. భార్య చెల్లెలు, పక్క వీధిలోనే ఉంటుంది, పగలు అక్క దగ్గర కూర్చుంటుంది.

"ఇవాళా? మతి పోయిందా బావా? రాత్రంతా అక్కకి ఆయాసమట. నీకు చెప్పొద్దంది గాని, నువ్వు నిద్రపోతుంటే తెల్లారేదాకా కూర్చునే ఉందట."

ఇతను వద్దులే అనేద్దామనుకున్నాడు. అంతలో ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"ఏమయ్యా, ఎన్నింటికి రావాలి?" అంది భార్య. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

"వద్దే. ఇంకోసారి చూద్దాం."

"ఇంకోసారి ఎక్కడిది? అది వెళ్ళిపోతోందని మీ గొంతే చెప్తోంది."

కోపమొచ్చినప్పుడే ఆవిడ మీరంటుంది. "డాక్టరు కదలొద్దన్నాడు కదే" అన్నాడు ఇతను.

"డాక్టరు ఉప్పు కూడా వద్దన్నాడు. తింటున్నాగా దొంగతనంగా! నువ్వు నిజం చెప్పావో అబద్ధం చెప్పావో తేల్చుకోకుండా నేను ఎక్కడికీ పోను. కారు చూడవే చెల్లీ."

మధ్యాహ్నం దాకా పెట్టెలాయన తల ఎత్తలేదు. రంపం, చిత్రిక, మరలు. ఒక్కో నాయకుణ్ణీ నిలబెట్టి దించి, మూత వేసి, పైభాగం తెలిసేలా బాణం గుర్తు గీసి పక్కన పెట్టాడు. మచ్చ బొమ్మది ఆఖరుకి ఉంచుకున్నాడు. దాని పెట్టె ఎప్పుడో తయారై ఉంది, అన్నిటికంటే ముందు చేసింది అదే. పలకలు ఎంచి ఎంచి, ముడి లేనివి చూసి చేశాడు. బొమ్మ మాత్రం మూడో అంతస్తులో, పాత బొమ్మలు బాగుచేసే అమ్మాయి గదిలో ఉంది.

అక్కడికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి దాన్ని మెత్తటి కాగితంలో చుట్టేసి తాడు కడుతోంది. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర లేదు పాపం. "రాత్రంతా కూర్చున్నానండీ. కొత్తదానిలా వచ్చింది. విప్పి చూస్తారా?"

"కిందికెళ్ళాక చూస్తాలేమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళ తరవాత ఇద్దరూ ఒకేసారి చూడాలని అతని ముచ్చట.

నేలమాళిగ మెట్లు దిగడం భార్య వల్ల కాదు. అందుకని బొమ్మనే వెనక పెరట్లోకి, లారీలు ఆగే చోటికి తెచ్చాడు. ఎండ తగలకుండా గోడ నీడలో చూసి, కింద స్పాంజి వేసి, ఆనించి నిలబెట్టాడు. పక్కనే ఖాళీ పెట్టె, మూత, మరలు. లారీ అప్పటికే వచ్చి ఉంది. మిగతా పెట్టెలు ఎక్కించేశారు. సీలు వేసే ఆఫీసరు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

"ఇది ఒక్కటేగా మిగిలింది? కానివ్వండి" అన్నాడు.

"ఒక్క నిమిషం సార్. మరలు తక్కువయ్యాయి" అని లోపలికెళ్ళి, జేబు నిండా ఉన్న మరలు తడుముకుంటూ నిలబడి, మళ్ళీ వచ్చాడు. రెండోసారి స్పాంజి సరిపోలేదన్నాడు. మూడోసారి ఏం చెప్పాలో తోచక కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. జీవితంలో ఎన్నడూ పని ఎగ్గొట్టని మనిషి.

అప్పుడు గేటులోకి కారు వచ్చింది.

మరదలు ఒక పక్క, ఇతను ఒక పక్క పట్టుకుంటే ఆవిడ దిగింది. తల నున్నగా దువ్వుకుంది. పెట్టెలోంచి తీసిన నీలం బట్టలు కట్టుకుంది, అవి ఇప్పుడు వదులుగా ఉన్నాయి. పెదవులు కూడా కొంచెం నీలంగా ఉన్నాయి. కుర్చీ వేసి బొమ్మ ఎదురుగా కూర్చోబెట్టారు. ఊపిరి సర్దుకునేదాకా అందరూ ఆగారు. ఆఫీసరు కూడా ఏమనుకున్నాడో, గడియారం చూడటం మానేసి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

పెట్టెలాయన జేబులోంచి తెల్ల నూలు చేతి తొడుగుల జత తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "ముట్టుకోవాలనిపిస్తే ఇవి వేసుకోవాలి. ఇక్కడి పద్ధతి."

"నా చేతులు ముట్టుకోడానికి నేను తొడుగులు వేసుకోవాలా?" అంది. అన్నదే గాని కుడి చేతికి తొడుక్కుంది. రెండోది అలాగే ఉంచేసింది. "ఎడమ చెయ్యి వట్టిదే ఉండనీ. పక్కన పెట్టి పోల్చుకోవద్దూ?"

అతను తాడు విప్పి కాగితం తీశాడు.

"ఈయనా!" అంది ముందు మొహం చూసి. "ఈయనే కదూ ఇల్లిస్తానని ఎనిమిదిసార్లు తిప్పింది?" తరవాత చూపు కిందికి దించింది. చాలాసేపు అలా చూసింది. "నావే" అంది చిన్నగా. "ఎంత బలంగా ఉండేవయ్యా నా చేతులు."

"ఇదిగో ఇక్కడ, బొటనవేలి మొదట్లో..." అని ఇతను వంగి చూపించబోయాడు. చూపిస్తున్న వేలు గాలిలోనే ఆగిపోయింది.

మచ్చ లేదు.

ఆ చోట నున్నటి చర్మం. రంగులో రంగు కలిసిపోయి, ఎక్కడా గీత తెలియకుండా, చక్కటి పని. కొన్నాయన తాలూకు మనిషి మొన్న టార్చిలైటు వేసి బొమ్మంతా వెతికి, బాగుచెయ్యాల్సిన చోటల్లా చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి వెళ్ళాడు. పెచ్చులు, ఈగల మరకలు, చెమ్మ మచ్చలు. వాటిలో ఇదీ ఒక మరక అనుకున్నారు. ఆ అమ్మాయి తప్పేముంది? పాపం, రాత్రంతా కూర్చుని చేసింది. ఇది మరక కాదమ్మా, నేను వేసిందేనని తను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ చేతులు వేసింది తనేనని ఎవరితోనూ అనకూడదని నోరు కట్టేసుకుని బతికాడు. కొట్టేవాళ్ళు లేని రోజులు వచ్చాక కూడా ఆ కట్టు విప్పుకోలేదు. పెట్టెలాయనకి పెళ్ళాం మొహం చూడాలంటే భయమేసింది.

ఆవిడ ముందు బొమ్మను చూసింది. తరవాత మొగుడి మొహం చూసింది. మళ్ళీ బొమ్మ వైపు వంగింది. వట్టి ఎడమ చెయ్యి తీసుకెళ్ళి ఆ రంగు చెయ్యి పక్కన పెట్టింది. తొడుగు వేసుకున్న వేలితో సరిగ్గా బొటనవేలి మొదట్లో తాకింది.

"ఇదిగో, ఉందిగా" అంది.

గాలిలో ఆగిపోయిన వేలిని అతను మెల్లగా దించుకున్నాడు.

"ఎంత బాగా వేశావు! కాలినప్పుడు చర్మం ముడుచుకుపోయిందే, అది కూడా అలాగే వచ్చింది."

మరదలు మెడ సాచి చూసింది. "ఎక్కడే అక్కా? నాకేం కనబడటం లేదు."

"నీకు కళ్ళజోడు మార్చాలి. అంత స్పష్టంగా ఉంటే!" అని చెల్లెల్ని కసిరి, ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ఇన్నేళ్ళూ నిన్ను ఊరికే అబద్ధాలకోరువన్నాను. పాపం."

కూరలో ఉప్పు ఎక్కువైతే మొహం మీదే చెప్పే మనిషి. అల్లుడు వరస వాళ్ళ ముందైనా, డాక్టరు ముందైనా లేనిది ఉందని ఒక్కనాడు అనలేదు. పెట్టెలాయనకి ఏడుపు తన్నుకొచ్చింది. లేదే అని చెప్పాలనుకున్నాడు, చెప్పలేకపోయాడు. చెబితే ఆవిడ అబద్ధం పాడైపోతుంది.

"ఇంక పెట్టెయ్యవయ్యా, వాళ్ళకి ఆలస్యమవుతోంది" అంది ఆవిడ.

అతను బొమ్మను ఎత్తి పెట్టెలోకి దించాడు. మూత ఆనించి మరలు బిగించడం మొదలుపెట్టాడు. ఆవిడకి వీపు పెట్టి నిలబడితే గాని పని కాదు. కన్నీళ్ళు కనబడకుండా అదీ మంచిదే అయింది. చుట్టూ మరలు బిగిస్తూ, వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"ఆదివారం వస్తే పైన గదులన్నీ చూపించేవాణ్ణి. ఇటుకల కుప్ప లాంటిది ఇంకోటొచ్చిందే. ఈసారి వట్టి నిచ్చెన."

వెనక నుంచి చిన్న నవ్వు వినిపించింది, లేదా ఊపిరి.

"ఇంటికెళ్ళాక కాసేపు పడుకో. రాత్రికి నేనే వండుతాలే."

మర తిరుగుతున్న చప్పుడు. ఇంకో మర.

"వింటున్నావా?" అన్నాడు.

"బావా" అంది మరదలు. ఆ గొంతు విని అతను తిరిగాడు.

ఆవిడ తల ఒక పక్కకి వాలి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పెట్టె వైపే. మరదలు భుజం పట్టుకుని కదుపుతోంది, "అక్కా, అక్కా" అని పిలుస్తోంది, పిలుపు పిలుపుకీ గొంతు చిన్నదైపోతోంది. అతను వచ్చి నేల మీద కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. మచ్చ మీద తన బొటనవేలు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ఆఫీసరు టోపీ తీశాడు. పైనుంచి మేడమ్, బాగుచేసే అమ్మాయి పరిగెత్తుకొచ్చారు. ఎవరో నీళ్ళు తెచ్చారు, ఎవరో డాక్టరుకి ఫోన్ చేశారు. చెయ్యాల్సినవన్నీ చేశారు. కాసేపటికి ఇంక చెయ్యాల్సింది లేదని అందరికీ తెలిసింది. బాగుచేసే అమ్మాయి ఏడుస్తూ, "ఆవిడ చూశారాండీ బొమ్మ? బాగుందన్నారా?" అని అడిగింది. ఆ పిల్ల ముఖం చూసి పెట్టెలాయన, "చాలా బాగుందందమ్మా" అన్నాడు.

లారీ ఆగడానికి లేదు. చీకటి పడేలోపు సరిహద్దు చేరాలి. ఇంకా బిగించాల్సిన రెండు మరలూ డ్రైవరే బిగించాడు, కొంచెం వంకరగా. ఆఫీసరు మూత మీద ఎర్రగా సీలు వేశాడు. పెట్టె లారీ ఎక్కింది. గేటు దాటేటప్పుడు డ్రైవరు హారన్ కొట్టలేదు.

తరవాత ఆవిణ్ణి ఎత్తి కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. తల చెల్లెలి ఒళ్ళో, కాళ్ళు మొగుడి ఒళ్ళో. కుడి చేతికి తొడుగు అలాగే ఉంది, తియ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. కారు వెళ్ళాక మేడమ్ గేటు వేయించి పైకి వెళ్ళిపోయింది.

పెరట్లో గోడ నీడ పొడుగ్గా సాగి కుర్చీ దాకా వచ్చింది. కుర్చీలో రెండో తొడుగు ఉంది, ఎడమ చేతిది, మడత విప్పనిది.